చేతులు మారే ఆసుపత్రి, బిల్లు కట్టే రోగి

1997లో హైదరాబాద్ నాంపల్లిలో కేర్ ఆసుపత్రి మొదలైనప్పుడు అది ఎవరిదో ఊరంతా ఎరుగును. నిమ్స్‌లో గుండె జబ్బుల విభాగాన్ని నడిపిన డాక్టర్ బి.సోమరాజు, ఆయనతో పాటు బయటికి వచ్చిన వైద్యులు కలిసి పెట్టుకున్న ఆసుపత్రి అది. అబ్దుల్ కలాంతో కలిసి చవక స్టెంట్ తయారుచేసిన డాక్టరు గారి ఆసుపత్రి అన్న పేరే దానికి అసలు మూలధనం. ఇవాళ అదే ఆసుపత్రి ఎవరిదని అడిగితే, ఏళ్ల తరబడి అక్కడ వైద్యం చేయించుకుంటున్నవాళ్లు కూడా తడుముకుంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆ జవాబు పదిహేనేళ్లలో అన్నిసార్లు మారింది.

2012లో అమెరికా ప్రైవేట్ ఈక్విటీ సంస్థ అడ్వెంట్ ఇంటర్నేషనల్ మెజారిటీ వాటా కొంది. నాలుగేళ్లకు, 2016లో, దుబాయ్ సంస్థ అబ్రాజ్ గ్రూపుకు అమ్మేసింది. అబ్రాజ్ ఆ సొమ్మును తన ఆరోగ్య నిధి నుంచి తెచ్చింది. వర్ధమాన దేశాల్లో మధ్యతరగతికి, పేదలకు అందుబాటు ధరలో వైద్యం అందిస్తామంటూ దాదాపు వంద కోట్ల డాలర్లతో పెట్టిన నిధి అది. గేట్స్ ఫౌండేషన్, ప్రపంచబ్యాంకు అనుబంధ సంస్థ ఐఎఫ్‌సీ, బ్రిటన్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ అందులో మదుపరులు. ఆసుపత్రుల కోసం ఇచ్చిన మా డబ్బు ఎక్కడుందని 2017లో ఆ మదుపరులే నిలదీశారు. సరైన జవాబు రాలేదు. 2018 జూన్‌లో అబ్రాజ్ దివాలా తీసింది. మరుసటి ఏడాది దాని వ్యవస్థాపకుడు ఆరిఫ్ నక్వీ లండన్‌లో అరెస్టయ్యాడు. నిధి నిర్వహణను టీపీజీ అనే మరో అమెరికా సంస్థ తీసుకుంది. 2023లో బ్లాక్‌స్టోన్ వచ్చింది. కేర్ మాతృసంస్థ క్వాలిటీ కేర్ ఇండియాలో మెజారిటీ వాటా కొని, అదే ఊపులో తిరువనంతపురంలోని కిమ్స్‌హెల్త్‌నూ దానిలో చేర్చింది. రెండింటి మీదా కలిపి పెట్టింది సుమారు వంద కోట్ల డాలర్లు. 2024 నవంబరులో ఆస్టర్ డీఎం హెల్త్‌కేర్‌తో క్వాలిటీ కేర్ విలీనాన్ని ప్రకటించారు. 27 నగరాల్లో 38 ఆసుపత్రులు, పదివేల పైచిలుకు పడకలు. విలీనం తర్వాత బ్లాక్‌స్టోన్ వాటా 30.7 శాతం, ఆస్టర్ వ్యవస్థాపకుడు డాక్టర్ ఆజాద్ మూపెన్ కుటుంబానికి 24 శాతం అని లెక్క చెప్పారు.

ఇక్కడ ఒక చిన్న చిక్కు ముడి విప్పాలి. తిరువనంతపురం కిమ్స్‌హెల్త్ వేరు, మన సికింద్రాబాద్ కిమ్స్ వేరు. రెండింటికీ సంబంధం లేదు. పేరు చూసి యజమానిని గుర్తుపట్టే రోజులు పోయాయనడానికి ఇదొక్కటి చాలు. 2016లో ఆస్టర్ మెజారిటీ వాటా కొన్న విజయవాడ రమేష్ హాస్పిటల్స్, హైదరాబాద్ కేర్, కేరళ కిమ్స్‌హెల్త్, ఢాకాలోని ఎవర్‌కేర్... ఈ విలీనంతో అన్నీ ఒకే గొడుగు కిందికి చేరే లెక్క. బోర్డుల మీద మాత్రం ఎవరి పేరు వాళ్లదే.

ఇది ఒక్క కేర్ కథే అయితే దీని మీద వ్యాసం అక్కర్లేదు. లక్డీకాపూల్‌లో డాక్టర్ కె.రవీంద్రనాథ్ పెట్టిన గ్లోబల్ హాస్పిటల్స్‌లో 73.4 శాతం వాటాను 2015లో 1,284 కోట్ల రూపాయలకు మలేసియా సంస్థ ఐహెచ్‌హెచ్ కొంది. ఇప్పుడది గ్లెనీగల్స్. మాక్స్‌క్యూర్ స్వీడన్ కంపెనీ చేతికి వెళ్లి మెడికవర్ అయింది. యశోదలా కొనుగోళ్ల కన్నా సొంతంగా కట్టుకోవడం మీదే నడిచిన సంస్థలు లేకపోలేదు. కానీ రెండు తెలుగు రాష్ట్రాల్లో గత దశాబ్దంన్నర ప్రైవేట్ వైద్య చరిత్ర రాస్తే అందులో పెద్ద భాగం కొనుగోళ్లదే.

కట్టడం మానేసి కొనడం ఎందుకు? ఆసుపత్రి కట్టాలంటే స్థలం, భవనం, అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ, కాలుష్య మండలి అనుమతి, స్కానింగ్‌కు ఒక రిజిస్ట్రేషన్, ఎక్స్‌రేకు ఒక లైసెన్సు, రక్తనిధికి మరొకటి. అవన్నీ తెచ్చుకుని రిబ్బను కత్తిరించాక అసలు కష్టం మొదలవుతుంది. బీమా కంపెనీల జాబితాలోకి ఎక్కాలి. చుట్టుపక్కల మండలాల ఆర్ఎంపీలకు పేరు తెలియాలి. అన్నిటికన్నా ముఖ్యం, చేయి తిరిగిన డాక్టరు రావాలి, ఆయన వెంట పేషెంట్లు రావాలి. పెట్టిన డబ్బు మీద లాభం కళ్లజూసేసరికి ఏళ్లు గడిచిపోతాయి. నడుస్తున్న ఆసుపత్రిని కొంటే సంతకం పెట్టిన మర్నాటి నుంచే రాబడి. కొనేవాడు డబ్బు పోసేది గోడలకూ యంత్రాలకూ మాత్రమే అనుకుంటే పొరపాటు. ఒక ఊరు ఒక డాక్టరు మీద ఇరవై ఏళ్లుగా పెంచుకున్న నమ్మకానికి కడుతున్న ధర అది. ఆ నమ్మకాన్ని తయారుచేసిన రోగులకు మాత్రం ఈ బేరంలో కుర్చీ లేదు.

అమ్మేవాళ్ల వైపు నుంచి చూస్తే వాళ్లకూ కారణాలున్నాయి. ముప్పై ఏళ్ల కిందట జిల్లా కేంద్రంలో భార్యాభర్తలిద్దరూ డాక్టర్లుగా నర్సింగ్ హోమ్ పెట్టారు. కొడుకు అమెరికాలో స్థిరపడ్డాడు, కూతురికి పరిపాలన మీద ఆసక్తి లేదు. ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కావాలంటే భవనానికి మార్పులు చేయాలి, కొత్త క్యాథ్‌ల్యాబ్‌కు కోట్లు కావాలి, బ్యాంకు వడ్డీ కట్టాలి. వీటి మీద ఆరోగ్యశ్రీ బకాయిలు. 2007లో మొదలైన ఆ పథకం జిల్లాల్లో ప్రైవేట్ ఆసుపత్రులకు ప్రాణం పోసిన మాట నిజం. గుండె ఆపరేషన్ అంటే హైదరాబాదో వెల్లూరో వెళ్లాల్సిన పరిస్థితిని మార్చింది. కానీ బిల్లులు నెలల తరబడి ఆగడం, సేవలు నిలిపేస్తామని నెట్‌వర్క్ ఆసుపత్రులు హెచ్చరించడం, సర్కారు కొంత విదల్చడం రెండు రాష్ట్రాల్లోనూ ఆనవాయితీగా మారింది. వేల పడకల గొలుసు సంస్థ ఆ జాప్యాన్ని తట్టుకుంటుంది. అరవై పడకల ఆసుపత్రికి అది జీతాలిచ్చే డబ్బు. చిన్న ఆసుపత్రులను పెద్ద కంపెనీల గుమ్మం దాకా నడిపించిన వాళ్లలో ప్రభుత్వాలూ ఉన్నాయని చెప్పకపోతే ఈ కథ సగమే చెప్పినట్టు.

సికింద్రాబాద్ కిమ్స్ ఎదుగుదల ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది. గుండె శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ బొల్లినేని భాస్కరరావు 2000లో నెల్లూరులో మొదలుపెట్టారు. తర్వాత రాజమండ్రి, ఆపై సికింద్రాబాద్. 2017 నుంచి వరసగా ఒంగోలు, విశాఖ, అనంతపురం, కర్నూలు ఆసుపత్రులు వచ్చి చేరాయి. 2018లో జనరల్ అట్లాంటిక్ అనే పెట్టుబడి సంస్థ ప్రవేశించింది. 2021 జూన్‌లో 825 రూపాయల ధరకు షేర్లు జారీచేసి కంపెనీ స్టాక్ మార్కెట్‌కు ఎక్కింది. అదే ఏడాది సన్‌షైన్ హాస్పిటల్స్‌లో 51 శాతానికి పైగా వాటాను సుమారు 363 కోట్లకు తీసుకుంది. 2022లో నాగపూర్ కింగ్స్‌వే. ఈ బేరాల్లో ఒక పద్ధతి కనిపిస్తుంది. మొత్తం కొనేయరు. సగానికి కాస్త ఎక్కువ తీసుకుని, ఆసుపత్రి పెట్టిన డాక్టరును వాటాదారుగా ఉంచుతారు. సన్‌షైన్ చేతులు మారాక కూడా దాన్ని స్థాపించిన కీళ్ల మార్పిడి నిపుణుడు, తెలుగు పాఠకులకు రచయితగానూ పరిచితుడైన డాక్టర్ గురవారెడ్డి అక్కడే కొనసాగారు. డాక్టరు నిలిస్తే పేషెంటు నిలుస్తాడన్న ఎరుక ఉన్నవాళ్ల పద్ధతి ఇది. నిధుల సంస్థలకు ఇది అంత తేలిగ్గా పట్టుబడదు. కేర్‌ను స్థాపించిన సోమరాజు చివరికి ఆ ఆసుపత్రిని వదిలి గచ్చిబౌలి ఏఐజీలో చేరారు. బోర్డు మిగిలింది, బోర్డుకు ఆ విలువ తెచ్చిన మనిషి వేరే ఆసుపత్రికి వెళ్లారు.

ఇక డబ్బు లెక్క. ఇది తెలిస్తే మిగతాదంతా తేటతెల్లమవుతుంది. ఉదాహరణకు ఒక జిల్లా ఆసుపత్రి ఖర్చులు పోను ఏటా పది కోట్లు మిగులుస్తోందనుకుందాం. ఒంటరి ఆసుపత్రి కాబట్టి పది రెట్లకు, అంటే వంద కోట్లకు కొన్నారు. స్టాక్ మార్కెట్‌లో ఉన్న పెద్ద కంపెనీలో కలిపితే అదే పది కోట్ల మిగులుకు మార్కెట్ ఇరవై రెట్లు విలువ కట్టవచ్చు. వంద కోట్ల ఆసుపత్రి కాగితాల మీద రెండు వందల కోట్లదైంది. అదనంగా ఒక్క కాన్పు చేయలేదు, ఒక్క కట్టు కట్టలేదు. కొనుగోళ్ల మీద కొనుగోళ్లు జరగడానికి వైద్యంతో ఏమాత్రం సంబంధం లేని ఈ కిటుకు ఒక పెద్ద కారణం.

ప్రైవేట్ ఈక్విటీ నిధికి మరో గడియారం ఉంటుంది. దాని ఆయుష్షు సాధారణంగా పదేళ్లు. అందులో తొలి సగంలో కొనాలి, మలి సగంలో అమ్ముకుని మదుపరులకు తిరిగివ్వాలి. కాబట్టి ఏ ఆసుపత్రిలోనైనా అది నాలుగైదేళ్ల అతిథి. కొన్న ధర కంటే గట్టిగా ఎక్కువకు అమ్మాలి. కొనే రెండో వాడు ఆ పెరిగిన ధరను రాబట్టుకుని, తాను మూడోవాడికి ఇంకా ఎక్కువకు అమ్మాలి. కొత్త పడకలు వేస్తే, ఖాళీ పడకలు నింపితే, మందులు టోకున కొని ఆదా చేస్తే కొంత వస్తుంది. అవి మంచి దారులే. అవి చాలనప్పుడు మిగిలేది ఒక్కో పడక మీద రోజుకు వచ్చే సగటు ఆదాయాన్ని పెంచడం. ఆసుపత్రి కంపెనీలు దీన్ని ఆర్పాబ్ అంటాయి. మూడు నెలలకోసారి విశ్లేషకులతో జరిపే కాన్ఫరెన్స్ కాల్స్‌లో ఇదే ప్రధాన ముచ్చట. దానికి జంటగా వినిపించే మాట పేయర్ మిక్స్. అంటే నగదు కట్టేవాళ్లు, బీమా ఉన్నవాళ్లు, ప్రభుత్వ పథకం కార్డుతో వచ్చేవాళ్లు ఏ పాళ్లలో ఉన్నారన్నది. పథకం రోగులు తగ్గితే ఆ కాల్‌లో అది శుభవార్త. అనంతపురంలోనో శ్రీకాకుళంలోనో ఒక కుటుంబానికి అది ఏ వార్తో ఆ కాల్‌లో ఎవరూ అడగరు.

సమాచారం లేకుండా ఆవేశపడటం కూడా మంచిది కాదు. గొలుసు ఆసుపత్రులు వచ్చాకే విశాఖ వంటి నగరాల్లో అవయవ మార్పిళ్లకు, క్యాన్సర్ రేడియేషన్‌కు కావలసిన ఖరీదైన వసతులు పెరిగాయి. ఇన్ఫెక్షన్ల నియంత్రణకు రాతపూర్వక పద్ధతులు, నర్సులకు శిక్షణ, కంప్యూటర్ రికార్డులు చాలా నర్సింగ్ హోముల్లో కొత్త యాజమాన్యంతోనే వచ్చాయి. డాక్టరు సొంత ఆసుపత్రి అంటే ధర్మసత్రమేమీ కాదు. కమీషన్లు, అక్కర్లేని పరీక్షలు కార్పొరేట్లు రాకముందూ ఉన్నాయి. మూతపడే ఆసుపత్రిని ఎవరో కొని నడిపిస్తే ఆ ఊరికి మేలే.

అయితే కొనుగోలు తర్వాత వైద్యం ఏమవుతుందన్నది నమ్మకాలకు వదిలేసే విషయం కాదు. అమెరికాలో దీన్ని కొలిచి చూశారు. ప్రైవేట్ ఈక్విటీ కొన్న 51 ఆసుపత్రులను, కొనని 259 ఆసుపత్రులతో పోల్చిన అధ్యయనం 2023 డిసెంబరులో జామా పత్రికలో వచ్చింది. ఆసుపత్రిలో చేరాక తగిలే ఇన్ఫెక్షన్లు, పడిపోవడాల వంటి హానికర ఘటనలు కొనుగోలు తర్వాత మిగతావాటితో పోలిస్తే పాతిక శాతం పెరిగాయని తేలింది. అది అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ కింద చేరిన రోగుల లెక్క, ఇక్కడికి యథాతథంగా అతికించలేం. ఇక్కడ అలాంటి లెక్క తీయాలన్నా ఆసుపత్రుల వారీగా ఆ సమాచారం ఎవరూ బయటపెట్టరు.

మసాచుసెట్స్ అనుభవం ఇంకా కఠినమైనది. 2010లో సెర్బరస్ అనే ప్రైవేట్ ఈక్విటీ సంస్థ బోస్టన్ పరిసరాల్లోని ఆరు క్యాథలిక్ ఆసుపత్రులను కొని స్టీవార్డ్ హెల్త్‌కేర్ పెట్టింది. 2016లో ఆసుపత్రుల భూములు, భవనాలను 125 కోట్ల డాలర్ల ఒప్పందంలో మరో కంపెనీకి అప్పగించి, వాటిలోనే అద్దెకు ఉండటం మొదలుపెట్టారు. ఆ డబ్బు ఊతంతో వేరే రాష్ట్రాల్లో ఇంకా ఆసుపత్రులు కొన్నారు. సెర్బరస్ బయటపడింది. అద్దెల భారం ఆసుపత్రుల మీద మిగిలింది. 2024 మేలో స్టీవార్డ్ దివాలా తీసింది. ఆ ఆగస్టు చివర్లో రెండు ఆసుపత్రులు మూతపడ్డాయి. 2025 జనవరిలో ఆ రాష్ట్రం మేల్కొని ఆసుపత్రుల యాజమాన్యంలో ప్రైవేట్ ఈక్విటీ మీద నిఘా పెంచే చట్టం చేసింది. అత్యవసర వైద్యం చేసే కొత్త ఆసుపత్రులు తమ ప్రధాన ప్రాంగణాన్ని ఇలాంటి భూముల కంపెనీల నుంచి అద్దెకు తీసుకోవడాన్ని నిషేధించింది.

మన దగ్గర ఎవరు చూస్తున్నారు? విదేశీ పెట్టుబడి వైపు నుంచి చూస్తే, 2000 జనవరి నుంచి ఆసుపత్రుల్లో నూరు శాతం ఆటోమేటిక్ మార్గంలోనే, అంటే ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండానే, రావచ్చు. కాంపిటీషన్ కమిషన్ ఉంది. ఆస్టర్, క్వాలిటీ కేర్ విలీనాన్ని అది 2025 ఏప్రిల్‌లో ఆమోదించింది. కానీ కమిషన్ దాకా వెళ్లేవి పెద్ద బేరాలే. అమ్ముడయ్యే సంస్థ ఆస్తులు 450 కోట్లు మించకపోయినా, టర్నోవర్ 1,250 కోట్లు మించకపోయినా మామూలుగా కమిషన్ అనుమతి అక్కర్లేదు. 2024 సెప్టెంబరు నుంచి బేరం విలువ 2,000 కోట్లు దాటితే చెప్పాలన్న నిబంధన వచ్చింది. కర్నూలులో, ఒంగోలులో, ఖమ్మంలో ఈ గీతలు దాటే ఒంటరి ఆసుపత్రి ఏది? సిమెంటుకూ టెలిఫోన్లకూ గీసిన గీతలివి. గుండెపోటు వచ్చిన మనిషికి మార్కెట్ అంటే అంబులెన్సు గంటలో చేరగలిగినంత దూరం. ఆ దూరంలో ఉన్న మూడు క్యాథ్‌ల్యాబ్‌లలో రెండు ఒకే కంపెనీవైతే, దేశం మొత్తం మీద దాని వాటా రెండు శాతమే అన్న ఓదార్పు ఎందుకు పనికొస్తుంది? లోపల చేరిన రోగి బయటి దుకాణానికి వెళ్లలేని బందీ అన్న సంగతిని కమిషన్ గుర్తించకపోలేదు. ఢిల్లీలో ఒక సిరంజి ధర మీద వచ్చిన ఫిర్యాదుతో మొదలైన విచారణను 2018లో అక్కడి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రులకు విస్తరించింది. ఆ ఎరుక కొనుగోళ్ల పరిశీలనలోకి రావాలి.

ఆరోగ్య శాఖల పాత్ర ఇంకా చిన్నది. ఆంధ్రప్రదేశ్‌కు 2002 నాటి ప్రైవేట్ వైద్య సంస్థల చట్టం ఉంది, తెలంగాణ కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని స్వీకరించింది. రెండింటి దృష్టీ రిజిస్ట్రేషన్, వసతులు, రేట్ల బోర్డు మీదే. కంపెనీ షేర్లు చేతులు మారినప్పుడు ఆసుపత్రి రిజిస్ట్రేషన్ చెక్కుచెదరదు. కాబట్టి జిల్లా వైద్యాధికారి దృష్టిలో ఏమీ జరగనట్టే. కేంద్ర చట్టం కింద రేట్ల శ్రేణి నిర్ణయించాలన్న నిబంధన 2012 నుంచి కాగితం మీదే ఉంది. ఇదేం పద్ధతని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని గట్టిగానే అడిగింది. జాతీయ నమూనా సర్వే 2017-18 లెక్కల్లో, ఒకసారి ఆసుపత్రిలో చేరితే ప్రభుత్వాసుపత్రిలో సగటు ఖర్చు 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845. అయినా చేరేవాళ్లలో సగానికి పైగా ప్రైవేటుకే వెళ్తున్నారు. ఇంత మందిని మోసే వ్యవస్థ ఎవరి చేతుల్లో ఉందో తెలియకుండా పాలించడం కుదరదు.

అమ్మకాలను నిషేధించమని ఎవరూ అనడం లేదు. నిషేధిస్తే అమ్మకాల బదులు మూసివేతలు చూస్తాం. అడగాల్సినవి చిన్న విషయాలు. నియంత్రణ వాటా చేతులు మారేముందు ఆరోగ్య శాఖకు నోటీసు ఇవ్వాలి. అసలు యజమాని పేరు ఆసుపత్రి గోడ మీద, బిల్లు మీద ఉండాలి. పది, పదిహేను సాధారణ చికిత్సల సగటు బిల్లు కొనుగోలుకు ముందెంత, తర్వాత మూడేళ్లలో ఎంత అన్నది బయటపెట్టాలి. అప్పటిదాకా ఆరోగ్యశ్రీలో ఉన్న విభాగాలను కొత్త యజమాని కొన్నేళ్ల పాటు తప్పించకూడదు. ఆసుపత్రి కోసమని ప్రభుత్వ స్థలం పొందినవాళ్లు అమ్ముకుంటే ఆ లాభానికి ప్రజలకు లెక్క చెప్పాలి. ప్రభుత్వాలు కూడా బకాయిలకు గడువు పెట్టుకుని, దాటితే వడ్డీ కట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో కొత్త వైద్య కళాశాలలను పీపీపీ పద్ధతిలో ఇవ్వడం మీద వాదం జరుగుతోంది. ఇవ్వాలా వద్దా అన్నదాని మీద ఎవరి అభిప్రాయం వారిదే అయినా, ఇస్తే దక్కించుకున్న కంపెనీయే నాలుగేళ్ల తర్వాత ఒక విదేశీ నిధికి అమ్ముడుపోతే ఏం చేస్తారన్న ప్రశ్నకు ఒప్పందంలో జవాబుండాలి. కాగితం మీద సంతకాలయ్యాక ఆ ప్రశ్న వేసి లాభం లేదు.

వీటిలో చాలావాటికి ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో ప్రజారోగ్యం, ఆసుపత్రులు ఆరో అంశం. హైదరాబాద్, అమరావతి శాసనసభలు వచ్చే సమావేశాల్లోనే ఆ పని చేయవచ్చు.